పాత స్పీకరు పెట్టెకు కొత్త ప్రాణము

మన ఇండ్లలో అటక మీదనో, బీరువా వెనుకనో ఒక జత పాత స్పీకరు పెట్టెలు పడియుండుట కలదు. అంచులలో పైపొర లేచిపోయి, మూలలు విచ్చి, వెనుకపలక ఉబ్బియుండును. "గరగరలాడుచున్నవి, పాతసామానువానికి వేయుడు" అని పెద్దలందురు. కాని చెడినది లోపలి స్పీకరో, పైనున్న పెట్టెయో చూడక పారవేయుట తగదు. స్పీకరు చక్కగానే యుండి పెట్టె మాత్రమే చెడినచో, ఓర్పుగలవారు దానిని ఇంటియందే బాగుచేసికొనవచ్చును. ఆ విధమును ఇచట వివరింతుము.

ముందుగా, స్పీకరుకు పెట్టె ఎందుకు? స్పీకరులోని కాగితపు గరాటు ముందునకు కదలినపుడు ముందున్న గాలి ఒత్తుకొనును. అదే క్షణమున వెనుకనున్న గాలి పలుచనగును. కావున ముందుకు పోవు అలయు, వెనుకకు పోవు అలయు ఒకదానికొకటి వ్యతిరేకములు. గాలిలో ధ్వని సెకనుకు సుమారు 343 మీటర్లు పోవును. సెకనుకు 100 కంపనములు గల మంద్రధ్వనికి అల పొడవు దాదాపు మూడున్నర మీటర్లు. జానెడు స్పీకరు అంత పెద్ద అలకు అడ్డు కానేరదు. వెనుక అల చుట్టివచ్చి ముందు అలను అణచివేయును. విడి స్పీకరును మ్రోగించి చూడుడు. మృదంగపు ఎడమవైపు నాదము వినబడదు. పెద్ద అట్టకు రంధ్రము కోసి దానికి స్పీకరును ఆనించినచో, ఆ నాదము వెంటనే నిండుగా వినవచ్చును. పెట్టె చేయునది ఈ పనియే. నేటి స్పీకరుకు మూలమైన రూపమును అమెరికా దేశీయులు రైస్, కెలాగ్ అనువారు 1925లో లోకమునకు తెలిపిరి.

ఇక రెండవ విషయము మరింత ముఖ్యమైనది. బొబ్బిలిలో పనసకొయ్యను తొలిచి వీణ చేయుదురు. తీగతోపాటు ఆ కొయ్యయు పలుకవలెనని వీణ చేయువాని కోరిక. స్పీకరు పెట్టె ధర్మము దీనికి సరిగా విరుద్ధము. గాయకుడు పాడవలెను, పెట్టె మౌనముగా నుండవలెను. పలకలు పలుచనై, అతుకులు వదులైనచో పెట్టెయే తన సొంత గొంతు కలుపును. మనము విను గరగర అదియే.

పని ఆరంభించుటకు ముందు తీగలను విడదీసి, ఏ తీగ ఎక్కడిదో గుర్తు పెట్టుకొనవలెను. స్పీకరును మరలు విప్పి తీసి, గుడ్డలో చుట్టి దాచవలెను. లోపల గాజుదూది యున్నచో వట్టిచేతులతో తాకరాదు. తరువాత పలకలను వ్రేలి కణుపుతో తట్టుడు. 'టక్కు' మనిన గట్టిది. 'డబ్బు' మనిన బలహీనమైనది. రంపపుపొట్టును అదిమి చేసిన పలక నీటికి ఉబ్బినచో మరల పూర్వస్థితికి రాదు. దానిని తీసివేసి అంతే మందము గల ప్లైవుడ్డును అమర్చవలెను. విచ్చిన అతుకులలోని పాత సరేసును ఉలితో గీకి, కొత్త బంక పూసి, మూలమట్టముతో సరిచూచి, క్లాంపులతో బిగించి ఒక రాత్రి విడువవలెను.

పలక మందము రెట్టింపైనచో దాని బిగువు ఎనిమిది రెట్లగును. అట్లని పలకలన్నిటిని లోపలికి మందము చేయరాదు. ఒక లెక్క చూడుడు: లోపలి కొలతలు 50, 30, 20 సెంటీమీటర్లు గల పెట్టెలో 30 లీటర్ల గాలి పట్టును. బయటి కొలతలు మార్చక, పలకల మందమును 18 మిల్లీమీటర్ల నుండి 25కు పెంచినచో, లోపల మిగులునది సుమారు 26 లీటర్లే. ఆ గాలి స్పీకరుకు వెనుకనుండు స్ప్రింగు వంటిది. అది తగ్గినచో మంద్రధ్వని స్వరూపమే మారును. కావున ఎదురెదురు పలకల నడుమ ఒక సన్నని కొయ్యకమ్మిని అడ్డుగా బిగించుట మేలు. గాలి చోటు పెద్దగా తగ్గదు, పలక వణకుట మానును.

తరువాతిది వెనీరు. వెనీరనగా టేకు, ఇరుగుడు వంటి మేలికొయ్య నుండి తీసిన పలుచని పొర. బజారులో దొరకునది సుమారు అర మిల్లీమీటరు మందముండును. ప్రాచీన ఈజిప్టువారు కూడ ఈ విద్య నెరిగియుండిరి. ఇందు మరువరాని సూత్రమొకటి కలదు. తేమకు కొయ్య నారకు అడ్డముగా ఉబ్బును, ఎండకు అడ్డముగానే కుంచించుకొనును. నార పొడవున దాదాపు మారదు. మన బళ్ళారి వేసవిలో ఈ గుణము స్పష్టముగా తెలియును. మేమొకమారు విడి వెనుకపలకకు ఒక ప్రక్కననే వెనీరు అతికితిమి. వారము తిరుగక పలక దోసిలివలె వంగెను. విడిపలకకు రెండు ప్రక్కలను అతుకవలెనని అప్పుడు నేర్చితిమి. వెనీరు నార ప్లైవుడ్డు పైపొర నారకు అడ్డముగా నుండుట మంచిది.

ఎండవేళ బంక త్వరగా ఆరిపోవును. ఉదయముననో, సాయంకాలముననో పని చేయవలెను. పలకను గరుకు కాగితముతో రుద్ది, గుంటలను లప్పముతో నింపి, బంకను సమముగా పూసి, వెనీరును నడుమ నుండి అంచులకు ఒత్తవలెను. పైన కాగితము, దానిపై చదునైన పలక, ఆపై బరువు పెట్టి మరునాటివరకు కదల్పరాదు. అంచులను కొంచెము ఎక్కువగా విడిచి, ఆరిన పిదప పదునైన కత్తితో కోయవలెను. రుద్దునపుడు ముక్కుకు గుడ్డ కట్టుకొనవలెను. ఎర్రదుమ్ము ఎగురు దినమున పాలిష్ పూయకుడు. అది తడిపాలిష్‌కు అంటుకొని పోదు.

ఇంత శ్రమ యెందుకని కొందరడుగవచ్చును. ధర్మవరం రామకృష్ణమాచార్యులు, బళ్ళారి రాఘవ తెలుగు నాటకమును నడిపిన ఊరు మనది. 1953 అక్టోబరు 1 నుండి మన ఊరు మైసూరు రాష్ట్రమున, నేటి కర్ణాటకమున, చేరినది. పొరుగుభాషయైన కన్నడము మనకు ప్రియమైనదే. అయినను మన పిల్లలు మంచి తెలుగు ఉచ్చారణ వినుటకు రేడియోయు, పాటయు, నాటకమును పెద్ద ఆధారములు. పెట్టె డబడబలాడినచో ల, ళలకును, న, ణలకును భేదము చెవికి మాసిపోవును. పెట్టె నోరు మూసికొన్ననే మాట విస్పష్టమగును. బాగుచేసిన పెట్టెను తాతయ్య ముందుంచి, ఒక పాత నాటకపు పద్యమును వినిపించుడు. పని కుదిరినదో లేదో వారే చెప్పుదురు.