పాతిపెట్టిన తలాంతు



పరీక్షా ఫలితాలు వెలువడే రోజున మన ఇండ్లలో ఉండే మౌనము మీరెరిగినదే. తల్లి పొయ్యి దగ్గర నిలబడి లోలోపల ప్రార్థిస్తూ ఉంటుంది. తండ్రి వాకిట్లో అటూ ఇటూ తిరుగుతూ ఉంటాడు. బిడ్డ మాత్రము "ఫెయిలయితే నలుగురిలో తలెత్తుకొనేదెట్లా?" అని కుమిలిపోతూ ఉంటుంది. 2019 ఏప్రిల్‌లో తెలంగాణ ఇంటర్మీడియట్ ఫలితాలు వచ్చిన కొద్ది రోజులలోనే 20 మందికి పైగా విద్యార్థులు ప్రాణాలు తీసుకున్నారని పత్రికలలో చదివి మనమందరము కన్నీరు కార్చాము. ఓడిపోతామేమోనన్న భయము చిన్న విషయము కాదు.

ఈ భయము పిల్లలకే పరిమితమా? సేవకులమైన మమ్ములను కూడా అది విడిచిపెట్టలేదు. మేము పరిచర్య ప్రారంభించిన తొలి సంవత్సరాలలో ఒక చిన్న గ్రామములో ఉన్నాము. ఆదివారము ఆరాధనకు తొమ్మిదిమంది వచ్చేవారు. కోతల కాలములో అయిదుగురే. సంవత్సరాంతములో పంపవలసిన నివేదికలో మాత్రము "సుమారు ముప్పైమంది" అని వ్రాశాము. ఆ రాత్రి మోకరిస్తే నోట మాట రాలేదు. దేవునికంటె ఓటమికే ఎక్కువగా భయపడుతున్నామని అప్పుడు తెలిసినది.

మత్తయి సువార్త 25వ అధ్యాయములోని మూడవ దాసుని గమనించండి. అతడు యజమానుని సొమ్ము ఒక్క కాసు కూడా పోగొట్టలేదు. నష్టము రాకూడదని భూమిలో దాచిపెట్టాడు. ఎందుకు దాచాడో తానే ఒప్పుకొన్నాడు: భయపడ్డాడు. యజమానుడు కఠినుడని తలంచాడు గనుక భయపడ్డాడు. ఏమీ పోగొట్టుకోకూడదనుకొన్నవాడే చివరకు ఉన్నదంతా పోగొట్టుకొన్నాడు. అయిదు తలాంతులు సంపాదించినవానికిని రెండు సంపాదించినవానికిని యజమానుడు పలికిన మెప్పు మాత్రము ఒక్కటే. ఆయన చూచినది లెక్కను కాదు, నమ్మకత్వమును.

ఇందుకు మన తెలుగు నేలమీదనే గొప్ప సాక్ష్యమున్నది. శామ్యూల్ డే దొరగారు 1836లో మన దేశమునకు వచ్చి, 1840లో నెల్లూరులో అమెరికన్ బాప్టిస్టు మిషన్ పని ప్రారంభించారు. ఏండ్లు గడిచినా విశ్వాసులు బహు కొద్దిమందే. ఈ మిషన్ మూసివేయుదమా అని అమెరికాలోని పెద్దలు ఒకసారి కాదు, పలుమార్లు చర్చించారు. 1853లో డే దొరగారు ఆరోగ్యము చెడి స్వదేశము చేరారు. 1854 జనవరి 1న తెల్లవారుజామున లైమన్ జ్యూయెట్ దొరగారు, ఆయన భార్య, నెల్లూరు జూలియమ్మ మొదలైన అయిదుగురు ఒంగోలు కొండ ఎక్కి ఆ ప్రాంతము కొరకు ప్రార్థించారు. 1862లో మరల మూసివేత మాట వచ్చినప్పుడు, ఎవరు పంపకపోయినా తాను తిరిగి వెళ్లుదునని జ్యూయెట్ పట్టుబట్టారు.

1866లో జాన్ క్లౌ దొరగారు ఒంగోలులో స్థిరపడ్డారు. ఘోరమైన కరవు వచ్చినప్పుడు బకింగ్‌హాం కాలువ తవ్వకములో ఒక భాగము కాంట్రాక్టు తీసుకొని వేలమందికి పని కల్పించారు. అయితే కూటి కొరకు ఎవరూ మతము పుచ్చుకోకూడదని, ఆ కరవు కాలములో బాప్తిస్మములు ఆపివేశారు. లెక్క పెంచుకోవడానికి ఎంత మంచి అవకాశము! ఆయన ఆశపడలేదు. తరువాత 1878 జూలై 3న వెల్లంపల్లి వద్ద గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మము పొందారు.

ఆ దినము చూడడానికి డే దొరగారు జీవించి లేరు. అయితే ఆయన ఓడిపోయారని ఎవరనగలరు? విత్తుట ఆయన పని, వృద్ధి కలుగజేయుట దేవుని పని.

పూర్ణహృదయ విశ్వాసమనగా ఇదే. అది తప్పక గెలుస్తామన్న ధీమా కాదు. ఫలితమును కూడా దేవుని చేతికి అప్పగించి, మన చేతిలోని పనిని మనసారా చేయుటయే. సగము హృదయము దేవునికిచ్చి, ఫలితమును మన గుప్పిట్లో పెట్టుకొన్నంతకాలము భయము పోదు. కాలేబు పూర్ణమనస్సుతో దేవుని వెంబడించాడు. అయినా ఇతరుల అవిశ్వాసమువలన అతడును అరణ్యములో తిరగవలసి వచ్చినది. ఎనుబదియయిదేండ్ల వయస్సులో అదే ఉత్సాహముతో కొండసీమను అడిగాడు (యెహోషువ 14).

తల్లిదండ్రులారా, ఫలితాలు వచ్చిన తరువాత కాదు, రాకముందే మీ బిడ్డను దగ్గర కూర్చోబెట్టుకొని, "మార్కులు ఎన్ని వచ్చినా నీవు మా బిడ్డవే" అని నోరు తెరచి చెప్పండి. మీరు కఠినులైన యజమానులుగా కనబడితే బిడ్డ తన బాధను పాతిపెట్టును. బిడ్డ మరీ క్రుంగిపోయినట్లు కనిపిస్తే ప్రార్థనతోపాటు వైద్యుని సహాయము తీసుకోండి. ప్రభుత్వము 2022లో ప్రారంభించిన టెలీ మానస్ 14416 నంబరుకు ఫోను చేయవచ్చును. అది అవిశ్వాసము కాదు.

యౌవనులారా, ఒక పరీక్ష పోవచ్చును, మరల వ్రాయవచ్చును. మిమ్మును కొనిన రక్తపు వెల ఏ మార్కుల జాబితా వలనను తగ్గదు.

మరుసటి సంవత్సరము నివేదికలో మేము "తొమ్మిదిమంది" అనే వ్రాశాము. ముందటి ఏడు వ్రాసినది అబద్ధమని కూడా ఒప్పుకొన్నాము. సిగ్గు కలిగినది, కాని ఆ రాత్రి ప్రార్థన వచ్చినది. అంతవరకు వారిని లెక్కపెట్టుచుండిన మేము, ఆ దినము మొదలు ఆ తొమ్మిదిమందిని పేరు పేరున ప్రభువు సన్నిధిలో జ్ఞాపకము చేసుకొన్నాము.

మీరు భయపడి పాతిపెట్టినది ఏదో మీకు తెలియును. నేడే దానిని త్రవ్వి తీసి ప్రభువు చేతిలో పెట్టండి. ఆయన కఠినుడు కాడు.