నీట మునిగిన వల్లకాటి జాడ

తెలుగునాట నెల్లవారికిని దహనమే యాచారమని పలువురు తలంతురు. అది సత్యము కాదు. క్రైస్తవులు, మహమ్మదీయులు, వీరశైవులు మాత్రమేగాక పెక్కు సేద్యపు కుటుంబములవారును తమ పెద్దలను భూమియందే యుంచుదురు. చేనిగట్టున సమాధి, వాగుదరిని వల్లకాడు: ఆ యిండ్ల వంశచరిత్రకు ఇవియే తొలి పుటలు. ఊరే నీటి పాలైనచో ఆ పుటలను వెదకుట యెట్లు?

శ్రీశైలము ఆనకట్ట వలన 1981 ప్రాంతమున కృష్ణా తుంగభద్రల తీరములందలి సుమారు 100 గ్రామములు మునిగినవి. కూడవెల్లి సంగమేశ్వరాలయమును రాతికి రాయిగా విప్పి ఆలంపురమున మరల నిలిపిరి. సామాన్యుల సమాధులకు అట్టి భాగ్యము దుర్లభము. నాడు ఊరు విడిచిన యువతులు నేడు అవ్వలైనారు. మనుమరాండ్రకు ఆ యూరి పేరు తప్ప వేఱు తెలియదు.

మొదట పాత పటమును చూడవలయును. అమెరికా సైన్యపు పటశాఖవారు 1950 దశకమున ముద్రించిన భారతదేశ పటములను టెక్సాస్ విశ్వవిద్యాలయ గ్రంథాలయమువారు ఇంటర్‌నెట్‌లో నుంచినారు. వాని కొలత అంగుళమునకు సుమారు 4 మైళ్లు. అంత చిన్న కొలతలో వల్లకాడు కానరాదు. కాని ఆనకట్టకు పూర్వమున్న ఊళ్లును ఏటి మలుపులును తెలియును. పటపుటంచులనున్న అంకెలనుబట్టి ఊరి అక్షాంశ రేఖాంశములను గుర్తించి వ్రాసికొనవలయును.

పిమ్మట ఆ యంకెలను గూగుల్ ఎర్త్‌నందు వేసినచో ఆ తావు కన్నులయెదుట నిలుచును. నేటి చిత్రమున నీరే కనబడినను నిరాశ వలదు. గడచిన సంవత్సరముల చిత్రములను తేదీల వారిగా చూపు సౌకర్యము అందు గలదు. ఏప్రిల్, మే మాసముల చిత్రము లభించునేమో చూడుడు. ముచ్చుమర్రి చెంత సప్తనదీ సంగమేశ్వరాలయము ఏటేట వేసవిని నీటినుండి వెలువడునట్లే, నీరు తీసినప్పుడు పాత బాటలు, గోడల పునాదులు, వాగు దారి పొడగట్టవచ్చును.

ఇంతవరకు యంత్రము చేయగల పని. తక్కినది ఇంటి పెద్దల నడిగి తెలిసికొనవలసినదే. ఆ చిత్రమును అవ్వకు జూపి, "అవ్వా, రచ్చకట్టనుండి పాడెను ఏ త్రోవను కొనిపోయెడివారు? వాగు దాటెడివారా? అచ్చట చింతచెట్టున్నదా, వేపచెట్టున్నదా?" అని యడుగుడు. తాతగారి సమాధి ప్రక్కన నెవరున్నారో, పురిటిలో పోయిన చిన్నత్తను ఏ దిక్కున నుంచిరో యడుగుడు. రాతిపై పేరు చెక్కింపబడని స్త్రీలకు ఆమె జ్ఞాపకమే శాసనము.

చెప్పినదెల్ల ఒక కాగితమున వ్రాసి, వల్లకాటి తావును పటముపై గుర్తించి, పేరులు, వరుసలు, మరణ సంవత్సరములు చేర్చి, ఒక ప్రతిని అన్నదమ్ముల యిండ్లకు పంపవలయును. చూడబోవువారు ఆ ప్రాంతపు జాలరుల నడుగక బురదలో నడుగిడరాదు. పైకి ఎండినట్లున్నను లోన దిగబడును.

1981లో ఇరువదియేండ్ల కోడలికి నేడు అరువది దాటినది. ఆమెకంటె పెద్దవారు ఏటేట తగ్గుచున్నారు. కావున ఈ వేసవి సెలవులలోనే యీ పనికి పూనుకొనవలెనని సోదరీమణులకు మా మనవి.