కాక్స్ బాక్స్ సంరక్షణ: అపోహలు – వాస్తవాలు

ఎనిమిది మంది తెడ్డు వేసే రేసు పడవ 17 మీటర్లకు పైగా పొడవుంటుంది. దాని వెనుక కొసన, తెడ్డు వేసేవారికి ఎదురుగా కూర్చుని, చుక్కాని తిప్పుతూ వారి వేగాన్నీ లయనూ మాటలతో నడిపించే వ్యక్తిని కాక్స్ అంటారు. నలుగురు తెడ్డు వేసే పడవల్లో అనేకం కాక్స్‌ను ముందు కొసన, జట్టుకు వీపు పెట్టి దాదాపు వెల్లకిలా పడుకునేలా తయారవుతాయి కనుక, ఎంత గొంతు చించుకున్నా మాట ముందుకు పోతుందే గాని వెనుకనున్న వారి చెవిన పడదు. ఒకప్పుడు తలకు కట్టుకునే గరాటు వంటి మెగాఫోన్‌తో ఈ పని నెట్టుకొచ్చేవారు. ఇప్పుడు తలపట్టీకి అమర్చిన మైకు, బ్యాటరీతో నడిచే చిన్న యాంప్లిఫయరు, సీట్ల కింద బిగించిన స్పీకర్లు, వీటన్నింటినీ కలుపుతూ పడవ పొడవునా సాగే తీగలు ఆ స్థానంలోకి వచ్చాయి. 1978లో మొదలైన అమెరికన్ సంస్థ నీల్సన్-కెల్లర్‌మన్ తన యాంప్లిఫయరుకు పెట్టుకున్న ‘కాక్స్ బాక్స్’ అన్న పేరే రోయింగ్ క్లబ్బుల వాడుకలో ఈ తరహా పరికరాలన్నింటికీ స్థిరపడింది. నీటి మీద బతకడానికే తయారైన ఈ పరికరాలను నీటికంటె ఎక్కువగా వాటి చుట్టూ అల్లుకున్న నమ్మకాలే పాడుచేస్తున్నాయని చెప్పవలసి వస్తుంది.

అపోహ: వాటర్‌ప్రూఫ్ అని రాసి ఉంటే నీటితో ఇక ఏ పేచీ లేదు.

వాటర్‌ప్రూఫ్ అన్నది వస్తువుకు పుట్టుకతో వచ్చి చివరిదాకా ఉండే గుణం కాదు, కొన్ని నిర్ణీత పరిస్థితుల్లో అది నెగ్గిన ఒక పరీక్ష మాత్రమే. అంతర్జాతీయ ఎలక్ట్రోటెక్నికల్ కమిషన్ వారి 60529వ ప్రమాణం ప్రకారం ఐపీఎక్స్7 అన్న గుర్తుకు అర్థం, ఒక మీటరు లోతు నీటిలో 30 నిమిషాలు ముంచి ఉంచినా హాని కలిగించేంత నీరు లోపలికి పోలేదని. గొట్టంతో చిమ్మే నీటిధారను తట్టుకోవడానికి ఐపీఎక్స్5, ఐపీఎక్స్6 అనే వేరే పరీక్షలున్నాయి. మునిగినా చెడనిది ధారకు కూడా చెడదన్న హామీ ఐపీఎక్స్7లో లేదు. అందుచేత పడవ కడిగే గొట్టాన్నే కాక్స్ బాక్స్ మీదికి తిప్పడం, చాలాచోట్ల అలవాటే అయినా, సరైన పద్ధతి కాదు.

ఈ పరీక్షలో అంతగా ఎవరూ పట్టించుకోని షరతు ఒకటుంది. ముంచే నీటికీ పరికరానికీ మధ్య ఉష్ణోగ్రతలో తేడా 5 డిగ్రీలకు మించకూడదు. ఎండలో ఒడ్డున పడి ఉన్న నల్లని డబ్బా లోపలి గాలి 60 డిగ్రీల సెల్సియస్‌కు చేరిందనుకుంటే, దాన్ని 25 డిగ్రీల నీటిలో ముంచగానే ఆ గాలి చల్లబడి, దాని పీడనం సుమారు పదో వంతు పడిపోతుంది. వాతావరణ పీడనం దాదాపు పది మీటర్ల నీటి మట్టం కలిగించే ఒత్తిడికి సమానం కాబట్టి, ఈ పదో వంతు తగ్గుదల ఒక్కటే డబ్బాను అదనంగా మరో మీటరు లోతుకు దింపినంత పని చేస్తుంది. పైకి చూస్తే బకెట్టులో జానెడు లోతున ముంచినట్టే ఉంటుంది గాని, లోపలి వెలితి రబ్బరు సీలు పక్కనుంచి నీటిని పీల్చుకోవడానికి ప్రయత్నిస్తూనే ఉంటుంది. డబ్బా గోడలు కొంత వంగడం వల్లనో, గాలిని వదిలి నీటిని ఆపే సన్నని పొర ఉన్నచోట దాని వల్లనో ఈ వెలితి కొంత తీరవచ్చు, అయితే అన్ని పరికరాల్లోనూ ఆ ఏర్పాటు ఉండదు. శిక్షణ ముగిసిన వెంటనే చల్లని నీటితో కడిగేయడంకన్నా, ముందు నీడలో కాసేపు చల్లారనిచ్చి అప్పుడు కడగడం మేలన్నది ఇందుకే.

సబ్బు నీటితో మరింత శుభ్రమవుతుందన్న ఆలోచన కూడా ఇటువంటిదే. మైకుల్లోనూ స్పీకర్లలోనూ వాడే నీటిని ఆపే పొరలు, నీటి తలతన్యత ఎక్కువగా ఉండడం మీదనే, అంటే నీరు చుక్కలుగా గుమిగూడి సన్నని రంధ్రాల్లోకి దూరకపోవడం మీదనే ఆధారపడి పనిచేస్తాయి. సబ్బు ఆ తలతన్యతను తగ్గించి నీటికి దారి ఇస్తుంది.

అపోహ: ఉప్పునీరైతేనే ప్రమాదం, చెరువు నీరు ఏమీ చేయదు.

ఉప్పునీరు ఎక్కువ హాని చేస్తుందన్నది నిజమే. అది ఆరిపోయాక మిగిలే ఉప్పు గాలిలోని తేమను పట్టుకుని, కనెక్టర్ల మీద సన్నని తడి పొరను నిలిపి ఉంచుతుంది. అయితే కరెంటు ఉన్న రెండు పిన్నుల మధ్య మంచినీటి తడి ఉన్నా విద్యుద్విశ్లేషణ జరిగి లోహం కరగడం మొదలవుతుంది. రాగి, ఇత్తడి పిన్నుల మీద కనిపించే పచ్చని చిలుము దాని ఆనవాలు. ఇక రోయింగ్ శిక్షణ సాగే హైదరాబాదు హుస్సేన్‌సాగర్ వంటి నగర జలాశయాల నీరు పేరుకు మంచినీరే గాని, అందులో కరిగిన లవణాలూ సేంద్రియ మలినాలూ ఉంటాయి కనుక, దాన్ని పరీక్షల్లో వాడే శుభ్రమైన నీటితో సమానంగా చూడడానికి వీల్లేదు.

నీరు ఎక్కడిదైనా సరే, పరికరాన్ని ఆపి, కనెక్టర్ల మూతలు బిగించి, మామూలు కుళాయి నీటిని నెమ్మదిగా పోసి కడిగి, మెత్తని గుడ్డతో తుడిచాక మూతలు తీసి గాలికి ఆరనివ్వాలి. తడి ఉండగానే మూత పెట్టి సంచిలో సర్దేయడం అన్నింటికంటె చెడ్డ అలవాటు. చాలా వాటర్‌ప్రూఫ్ కనెక్టర్లు జత కలిపినప్పుడో మూత ఉన్నప్పుడో మాత్రమే నీటిని ఆపుతాయి, మూత కిందనే తేమను బంధించాక ఆ రక్షణకు అర్థం ఉండదు.

అపోహ: లోపలికి నీరు పోతే బియ్యంలో పెట్టాలి.

బియ్యం తేమను అంత చురుకుగా పీల్చదు సరికదా, దాని పిండి ధూళి సాకెట్లలోకి చేరుతుంది. ఫోన్ల విషయంలో ఆపిల్ సంస్థ 2024లో ఇదే హెచ్చరిక చేసింది. బియ్యం పీల్చినా పీల్చకున్నా, ఆవిరయ్యేది నీరే గాని అందులోని లవణాలు కావు, అవి సర్క్యూటు మీదనే మిగిలిపోతాయి. వెంటనే ఆపేయడం, మళ్లీ ఆన్ చేసి చూడాలన్న ఆత్రాన్ని అణచుకోవడం, ఛార్జరుకు పెట్టకపోవడం, విప్పి శుభ్రం చేయగల సర్వీసు కేంద్రానికి త్వరగా పంపడం మాత్రమే పనికొచ్చే చర్యలు.

అపోహ: మాట తెగితెగి వినిపిస్తే యాంప్లిఫయరు పోయినట్టే.

సాధారణంగా మొదట దెబ్బతినేది ఖరీదైన యాంప్లిఫయరు కాదు, మైకు తీగ. ప్లగ్గు మెడ దగ్గర పదేపదే వంగి లోపలి సన్నని పోగులు ఒక్కొక్కటిగా తెగుతాయి, పైనున్న రబ్బరు తొడుగు మాత్రం చెక్కుచెదరకుండా కనిపిస్తుంది. ప్లగ్గును కాక తీగను పట్టుకుని లాగడం, ఆ తీగనే డబ్బా చుట్టూ బిగుతుగా చుట్టడం దీనికి కారణాలు. లోపం ఎక్కడుందో తెలుసుకోవడానికి పనిముట్లు అక్కర్లేదు. బాగా పనిచేస్తున్న మరో మైకును తగిలించి చూడాలి, అప్పటికీ తీరకపోతే అదే డబ్బాను మరో పడవలో పెట్టి చూడాలి. అక్కడ స్పష్టంగా వినిపిస్తే దోషం మొదటి పడవ తీగల్లోనో స్పీకర్లలోనో ఉందన్నమాట. మాట తెగకుండా కేవలం మందంగా వినిపిస్తే, మైకు మీది స్పాంజి తొడుగు ఉమ్మితోనూ నీటితోనూ బరువెక్కిందేమో చూసి, పిండి ఆరబెట్టడంతో సరిపోవచ్చు.

నిమిషానికి ఎన్ని తెడ్డు పోట్లు పడుతున్నాయో చూపే అంకె మాయమైనప్పుడు కూడా నింద డబ్బా మీదికే పోతుంది. ఆ లెక్క చాలా పడవల్లో కాక్స్‌కు ఎదురుగా కూర్చునే, స్ట్రోక్ అని పిలిచే సభ్యుని సీటు అడుగున అతికించిన అయస్కాంతం, పడవకు అమర్చిన సెన్సరు మీదుగా జారడం వల్ల వస్తుంది. అయస్కాంతం ఊడిపోయినా, సీటును తిప్పి పెట్టినా సెన్సరుకు అది అందదు.

శబ్దం చాలడం లేదని మరో స్పీకరు కలపడం తేలిక పరిష్కారంగా తోస్తుంది. 8 ఓముల స్పీకరు పక్కన మరో 8 ఓముల స్పీకరును సమాంతరంగా కలిపితే యాంప్లిఫయరు మోయవలసిన నిరోధం 4 ఓములకు పడిపోతుంది. తయారీదారు అనుమతించిన కనిష్ఠం అంతకంటె ఎక్కువైతే యాంప్లిఫయరు వేడెక్కుతుంది, బ్యాటరీ త్వరగా దిగిపోతుంది.

అపోహ: రబ్బరు సీలుకు ఏ నూనె రాసినా ఒకటే.

సహజ రబ్బరునూ, ఈపీడీఎం అనే కృత్రిమ రబ్బరునూ పెట్రోలియం జెల్లీ ఉబ్బేలా చేస్తుంది, సిలికాన్ గ్రీజు సిలికాన్ రబ్బరునే ఉబ్బించగలదు. సీలు ఏ పదార్థమో తెలిసేదాకా తయారీదారు చెప్పిన గ్రీజు తప్ప మరొకటి ముట్టకపోవడం క్షేమం. ఎంత మంచి గ్రీజైనా, సీలు మీద చిక్కుకున్న ఒక్క వెంట్రుక నీటికి చేసే దారిని మూయలేదు.

అపోహ: బ్యాటరీని పూర్తిగా దించాకే ఛార్జి చేయాలి.

ఈ మాట నికెల్-కాడ్మియం బ్యాటరీల కాలం నుంచి మిగిలిపోయింది, ఇతర రకాల బ్యాటరీలకు అది వర్తించదు. లెడ్ యాసిడ్ బ్యాటరీని ఖాళీగా వదిలేస్తే దాని పలకల మీద సల్ఫేటు గట్టిపడి సామర్థ్యం పోతుంది కనుక దాన్ని నిండుగా ఉంచి దాచాలి. లిథియం-అయాన్ బ్యాటరీ అందుకు భిన్నంగా పూర్తిగా నిండినా, పూర్తిగా ఖాళీ అయినా త్వరగా ముసలిదవుతుంది కనుక, పోటీలు లేని నెలల్లో దాన్ని సుమారు సగం ఛార్జితో, చల్లని పొడి గదిలో ఉంచి, మధ్యమధ్య చూసి మళ్లీ సగానికి నింపుతూ ఉండాలి.