మిరప, పత్తి సమస్యల నేపథ్యంలో వీడియో పాఠాల ద్వారా జీవసమాచార శాస్త్ర అధ్యయనం

2021-22 పంటకాలంలో గుంటూరు, ప్రకాశం జిల్లాల మిరప తోటలను తీవ్రంగా నష్టపరచిన నల్ల తామర పురుగు, అంతకుముందు రైతులకు పరిచయమున్న తామర పురుగు కాదు. లేత ఆకులను ఆశించి పైముడత కలిగించే సిర్టోత్రిప్స్ డోర్సాలిస్‌కు భిన్నంగా, ఇది పూలలో గుంపులుగా చేరి పూత రాలడానికి, కాయలు వికృతం కావడానికి కారణమైంది. త్రిప్స్ పార్విస్పైనస్ అనే ఈ జాతి మన దేశంలో 2015లో బెంగళూరు వద్ద బొప్పాయిపై తొలిసారిగా నమోదైంది. సుమారు ఒక మిల్లీమీటరు పొడవుండే పురుగుల జాతులను కంటితో వేరుచేయడం కష్టం. కనుక స్వరూప లక్షణాల పరిశీలనకు డి.ఎన్.ఎ. బార్‌కోడ్ తోడు కావలసి వచ్చింది. ఆ బార్‌కోడ్‌ను చదివి, పోల్చి, నిర్ధారించే విద్యయే జీవసమాచార శాస్త్రం, అనగా బయోఇన్ఫర్మాటిక్స్.

అందుబాటులో ఉన్న పాఠాలు

ఐ.ఐ.టి.లు, భారతీయ విజ్ఞాన సంస్థ కలిసి నడిపే ఎన్.పి.టి.ఇ.ఎల్. ఉపన్యాసాలు, 2017లో ప్రారంభమైన స్వయం వేదిక ద్వారా కూడా లభిస్తున్నాయి. కోర్సులు సాధారణంగా 4, 8 లేదా 12 వారాలు సాగుతాయి. నమోదు ఉచితం. ధ్రువపత్రం కోరి పరీక్ష రాసేవారు మాత్రమే రుసుము చెల్లిస్తారు. గెలాక్సీ అనే ఉచిత వేదిక శిక్షణ పాఠాలతో పాటు విశ్లేషణ సాధనాలను కూడా బ్రౌజర్‌లోనే అందిస్తుంది. గణన దూరాన ఉన్న సర్వర్లపై జరుగుతుంది కనుక పరిశోధన స్థానంలోని సాధారణ కంప్యూటరు సరిపోతుంది.

చూడటం వేరు, చేయడం వేరు

ఉపన్యాసకుడు ఎంచుకున్న ఉదాహరణలో ప్రతి మెట్టు సాఫీగా సాగుతుంది. స్వంత నమూనాతో పనిచేసినప్పుడే చిక్కులు బయటపడతాయి. మిరప పూల నుండి సేకరించిన తామర పురుగు యొక్క సి.ఓ.ఐ. జన్యువును ఉదాహరణగా తీసుకొనవచ్చు. కీటకాలలో ప్రామాణిక బార్‌కోడ్ ప్రాంతం పొడవు సుమారు 658 క్షారాలు.

మొదట క్రొమాటోగ్రామ్‌ను పరిశీలించి, రెండు చివరల అస్పష్టంగా ఉన్న క్షారాలను తొలగించాలి. తరువాత వరుసను ప్రోటీన్‌గా అనువదించి మధ్యలో విరామ సంకేతాలు లేవని నిర్ధారించుకోవాలి. ఇక్కడ విద్యార్థులు తరచు తడబడతారు. సాధారణ సంకేత పట్టికలో టి.జి.ఎ. విరామ సంకేతం కాగా, అకశేరుకాల మైటోకాండ్రియాలో అది ట్రిప్టోఫాన్‌ను సూచిస్తుంది. తగిన పట్టికను ఎంచుకోకపోతే మంచి వరుస కూడా లోపభూయిష్టంగా కనిపిస్తుంది. సరియైన పట్టికతోనూ విరామాలు కనిపిస్తే, వరుసను చదవడంలో దోషాన్నో, కేంద్రకంలోకి చేరిన నకలు జన్యువునో అనుమానించాలి.

ఆపైన బ్లాస్ట్ సాధనంతో జెన్‌బ్యాంక్‌లోని వరుసలతో పోల్చాలి. ఫలితంలో సారూప్య శాతాన్ని ఒక్కదానినే చూడరాదు. వరుసలో ఎంత భాగం పోలినదో కూడా చూడాలి. 120 క్షారాలలో కనిపించిన నూరు శాతం సారూప్యం పూర్తి బార్‌కోడ్‌కు సమానం కాదు. ఇ-విలువ అనగా, అంత పరిమాణమున్న నిధిలో అంతటి పోలిక కేవలం యాదృచ్ఛికంగా ఎన్నిసార్లు దొరకవచ్చునో తెలిపే అంచనా. అది జాతి నిర్ధారణకు హామీ కాదు. నిధిలో తప్పు పేరుతో చేరిన వరుసలు కూడా ఉండవచ్చు. అందువల్ల మొదటి ఫలితాన్నే స్వీకరించక, పలు పరిశోధకులు సమర్పించిన వరుసలతో సరిచూసి, స్వరూప లక్షణాలతో సమన్వయపరచాలి.

పత్తి నేర్పే పాఠం

గులాబీ రంగు పురుగు ఉదాహరణ మరింత లోతైనది. క్రై1ఎసి విషాన్ని తట్టుకునే భారతీయ పురుగులలో క్యాడ్‌హెరిన్ జన్యువును పరిశీలించి 2014లో ప్రచురించిన అధ్యయనంలో 8 వికృత యుగ్మవికల్పాలు, వాటి నుండి 19 రకాల ఆర్.ఎన్.ఎ. ప్రతులు వెల్లడయ్యాయి. అంటే ఒకే నిరోధకత వెనుక అనేక మార్పులు ఉన్నాయి. ఒక్క మార్పును మాత్రమే గుర్తించే పరీక్షలో ఫలితం రానంత మాత్రాన పురుగులో నిరోధకత లేదని చెప్పలేము. ఈ సంగతి తెలిసిన విస్తరణ శాస్త్రవేత్త, జన్యు పరీక్షతో పాటు పచ్చికాయలను కోసి చూడటం, లింగాకర్షక బుట్టల లెక్క, ప్రయోగశాలలో విషప్రభావ పరీక్ష వంటి వాటిని విడిచిపెట్టడు.

అధ్యయన విధానం

కోర్సు ప్రారంభానికి ముందే స్థానిక పంటకు చెందిన ఒక ప్రశ్నను ఎంచుకోవాలి. ప్రతి వారం విన్న పాఠాన్ని ఆ ప్రశ్నకు అన్వయించాలి. వాడిన సాధనం, దాని సంచిక, ఎంపికలు, నిధిని వెదకిన తేదీ నమోదు చేయాలి. నిధిలో నిత్యం కొత్త వరుసలు చేరుతుంటాయి కనుక తేదీ లేని ఫలితాన్ని మరొకరు సరిచూడలేరు. ముగ్గురు నలుగురు కలిసి ఒకే వరుసను విడివిడిగా విశ్లేషించి ఫలితాలను పోల్చుకుంటే, ఎవరు ఏ మెట్టులో వేరైనారో తెలుస్తుంది. ఉపన్యాసం వినడం వలన కలగని అవగాహన ఆ చర్చలో కలుగుతుంది.

పురుగు పేరు తప్పితే మందు తప్పుతుంది. మందు తప్పితే రైతుకు పెట్టుబడి, పంట రెండూ నష్టమే. వీడియో పాఠం ఈ విద్యకు ప్రవేశద్వారం మాత్రమే. తన జిల్లా నమూనాను తానే విశ్లేషించి, ఫలితం ఎంతవరకు నమ్మదగినదో చెప్పగలిగిన నాడే ఆ అభ్యసనం పొలానికి ఉపయోగపడుతుంది.