అట్టపెట్టె పారేయకండి: పిల్లలతో కలిసి చేసే మూడు ఆటలు

ఈ ఎపిసోడ్ ఇంట్లో చిన్నపిల్లలున్న వాళ్లందరికీ. అమ్మానాన్నలకే కాదు, అన్నయ్యలకి, అక్కలకి, బాబాయిలకి, పిన్నులకి కూడా. ఎందుకంటే సెలవులిస్తే పిల్లలు ముందు అడిగేది మన ఫోనే. "బాబాయ్, ఒక్క గేమ్ ఆడి ఇచ్చేస్తా" అంటారు. ఇచ్చేస్తాం. గంట తర్వాత లాక్కుంటాం. వాళ్లు ఏడుస్తారు. మనకి లాక్కోవడం ఒక్కటే తెలిస్తే ఈ గొడవ రోజూ ఉంటుంది. ఫోన్ తీసుకున్న చేతిలో ఇంకోటి పెట్టాలి. అది మీ ఇంట్లోనే ఉంది. మొన్న ఆర్డర్ వచ్చిన అట్టపెట్టె.

నవ్వకండి. అమెరికాలోని రోచెస్టర్‌లో స్ట్రాంగ్ మ్యూజియం అని ఒకటుంది. వాళ్ల బొమ్మల హాల్ ఆఫ్ ఫేమ్‌లో 2005లో ఖాళీ అట్టపెట్టెకి చోటిచ్చారు. మన దేశంలో అరవింద్ గుప్తా గారున్నారు. ఐఐటీ కాన్పూర్‌లో ఇంజనీరింగ్ చదివి, పారేసే వస్తువులతో బొమ్మలు చేసి పిల్లలకి సైన్స్ నేర్పడమే జీవితంగా పెట్టుకున్నారు. 2018లో పద్మశ్రీ వచ్చింది. కాబట్టి ఇది టైమ్‌పాస్ పని అనుకోవద్దు.

ముందు అట్ట గురించి రెండు ముక్కలు. అట్టపెట్టె అంచు దగ్గర చూడండి. రెండు చదునైన కాగితాల మధ్య అలలు అలలుగా ఇంకో కాగితం కనిపిస్తుంది. బలమంతా ఆ అలల్లోనే ఉంది. అలలు నిలువుగా ఉండేలా నిలబెడితే అట్ట బరువు మోస్తుంది. అడ్డంగా పెడితే తొందరగా నలిగిపోతుంది. అలలు పోయే దారిలోనే మడిస్తే సులువుగా మడత పడుతుంది, దానికి అడ్డంగా మడిస్తే ఎక్కడో విరుగుతుంది. ఇది ముందు చెప్పెయ్యకండి. ఒక ముక్క పిల్లల చేతికిచ్చి రెండు వైపులా మడవమనండి. వాళ్లే కనుక్కుంటారు. మడత తిన్నగా రావాలంటే అయిపోయిన రీఫిల్‌తో గీత గట్టిగా గీసి అప్పుడు మడవండి.

జిగురు కొనక్కర్లేదు. రెండు చెంచాల మైదా, ఒక గ్లాసు నీళ్లు. ఉండలు లేకుండా కలిపి, సన్నమంట మీద చిక్కబడేదాకా తిప్పుతూ ఉండండి. చల్లారాక వాడుకోవచ్చు. సినిమా పోస్టర్లు అంటించేది ఇలాంటి దానితోనే. కానీ పురుగు పట్టకుండా అందులో మైలుతుత్తం కలుపుతుంటారు. అది విషం, పిల్లలున్న చోట అస్సలు వద్దు. మిగిలిన జిగురు మర్నాటికి పారేసి మళ్లీ చేసుకోండి.

ఇంకో జాగ్రత్త. పెట్టె పిల్లలకిచ్చే ముందు పిన్నులు పీకెయ్యండి. మీ పేరు, అడ్రస్, ఫోన్ నంబర్ ఉన్న స్టిక్కర్ చింపెయ్యండి. కట్టర్ మీ చేతిలోనే ఉండాలి. పిల్లలకి చిన్న కత్తెర, సబ్బు పెట్టెల్లాంటి పల్చటి అట్ట ఇవ్వండి. మూడేళ్లలోపు పిల్లలుంటే గోళీలు, గింజలు అందకుండా చూడండి. నోట్లో పెట్టుకుంటే ప్రాణం మీదికొస్తుంది.

మొదటి ఆట, అష్టాచెమ్మా. ఒక చదరపు అట్ట మీద అడ్డంగా ఐదు, నిలువుగా ఐదు, మొత్తం 25 గళ్లు గీయండి. మధ్య గడిలో, నాలుగు వైపులా నడిమి గళ్లలో ఇంటూ గుర్తు పెట్టండి. పాత శుభలేఖల అట్ట కత్తిరించి నాలుగు రంగుల్లో, రంగుకి నాలుగు చొప్పున కాయలు చేయండి. గవ్వలు లేకపోతే నాలుగు చింతపిక్కలు తీసుకుని, ఒకవైపు తెల్లగా వచ్చేదాకా గచ్చు మీద అరగదీయండి. ఎన్ని తెల్లగా పడితే అన్ని గళ్లు. నాలుగూ తెల్లగా పడితే చెమ్మా, అంటే నాలుగు. నాలుగూ నల్లగా పడితే అష్టా, అంటే ఎనిమిది. మిగతా రూల్స్ నేను చెప్పను. ఊరికో రకంగా ఆడతారు. అమ్మమ్మకో నానమ్మకో ఫోన్ చేయించి పిల్లల్నే అడగమనండి. అరగంట మాట్లాడుకుంటారు, చూడండి.

రెండోది, గోళీ దారి. పెద్ద పెట్టె మూతని గోడకి ఏటవాలుగా ఆనించండి. అట్ట పట్టీలు మడిచి, ఎడమ నుంచి కుడికి, కుడి నుంచి ఎడమకి వాలుగా అంటించండి. పైన వదిలిన గోళీ ఒక పట్టీ మీంచి ఇంకో పట్టీ మీదికి దొర్లుతూ కిందికి రావాలి. పందెం ఏంటంటే, ఎవరి గోళీ ఆలస్యంగా దిగితే వాళ్లే గెలిచినట్టు. ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టండి. వాలు తగ్గిస్తే గోళీ నెమ్మదిస్తుంది, మరీ తగ్గిస్తే ఆగిపోతుంది. ఆ రెండింటికీ మధ్య ఎక్కడ పెట్టాలన్నదే ఆటంతా. ఇక్కడ ఫోన్ కూడా ఉంది, కానీ పనిముట్టుగా ఉంది.

మూడోది, గిరగిర తిరిగే బిళ్ల. సోడా మూత చితక్కొట్టి దారం కట్టి తిప్పేవాళ్లు, గుర్తుందా? అదే. మూత అంచు కోసుకుపోతుంది కాబట్టి అట్టతో చేద్దాం. టీ గ్లాసు పెట్టి గుండ్రంగా గీసి కత్తిరించండి. సరిగ్గా మధ్య బిందువుకి అటూ ఇటూ అర సెంటీమీటరు దూరంలో రెండు బెజ్జాలు పెట్టండి. మీటరు దారం రెండింట్లోంచి పోనిచ్చి చివర్లు ముడివేయండి. రెండు కొసలూ వేళ్లకి తగిలించుకుని బిళ్లని ఊపి మెలి తిప్పండి. ఇప్పుడు లాగండి, వదలండి, లాగండి. లాగినప్పుడు మెలి విడిపోతూ బిళ్ల వేగం అందుకుంటుంది. వదిలినప్పుడు ఆ ఊపుతోనే అవతలివైపు మెలి పడుతుంది. ఒక సగం ఎరుపు, ఒక సగం పసుపు వేసి తిప్పితే నారింజ రంగు కనిపిస్తుంది.

ఈ బొమ్మని చూసే స్టాన్‌ఫోర్డ్‌లో మను ప్రకాశ్ బృందం 2017లో 'పేపర్‌ఫ్యూజ్' అనే పరికరం చేసింది. కాగితం బిళ్ల, దారం, అంతే. కరెంటు అక్కర్లేదు. ఖర్చు 20 అమెరికన్ సెంట్లు. నిమిషానికి 1,25,000 చుట్ల వేగం అందుకుంది. కరెంటు లేని ఊళ్లలో రక్తంలోంచి మలేరియా క్రిముల్ని వేరు చేయడానికి దాన్ని తయారు చేశారు. పిల్లలకి ఇది తప్పకుండా చెప్పండి.

ఇప్పుడు అసలు విషయం. పట్టీ వంకరగా అంటుకుంటుంది. గోళీ దారి తప్పుతుంది. పిల్ల "నాకు రాదు" అని వదిలేస్తుంది. అప్పుడు మన చెయ్యి ఆగదు. లాక్కుని నీట్‌గా అంటించేస్తాం. బొమ్మ బాగుంటుంది, కానీ అది మన బొమ్మ అయిపోతుంది. పిల్లలు మళ్లీ ఫోన్ దగ్గరికే పోతారు. దాని బదులు ఒక్క ప్రశ్న అడగండి. "గోళీ ఎక్కడ పడిపోయింది?" వాళ్లు అక్కడ వేలు పెట్టి చూపిస్తే సగం రిపేరు అయిపోయినట్టే.

ఇంకోటి. రీల్‌లో 30 సెకన్లలో బొమ్మ తయారైపోతుంది. జిగురు ఆరే టైమ్ అందులో కట్ చేసేస్తారు. మన ఇంట్లో జిగురు ఆరాలి. ఆ ఆరేలోపు పిల్లలు విసుక్కుంటారు, తర్వాత రంగులు తెచ్చుకుంటారు, తర్వాత ఇంకేదో మాట్లాడతారు. ఆ టైమ్‌లో మీరు ఫోన్ తీశారంటే పొద్దుట్నుంచి చేసిన పనంతా పోయినట్టే. మీ ఫోన్ కూడా గోళీ దిగేటప్పుడే బయటికి రావాలి.

బొమ్మ రెండు రోజుల్లో చిరిగిపోతుంది. పర్లేదు, ఇంకో పెట్టె వస్తుంది. ఈ ఆదివారం ఒక్కటి చేసి చూడండి, మీ గోళీ ఎన్ని సెకన్లకి దిగిందో కామెంట్‌లో పెట్టండి. ఇంకో ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను.