కాళ్లున్న తిమింగలం

"తిమింగలం చేపేనా?" అని అడిగితే చాలామంది పిల్లలు "అవును" అనేస్తారు. కానీ తిమింగలం మనలాగే ఊపిరితిత్తులతో గాలి పీలుస్తుంది, పిల్లలకు పాలిస్తుంది. చేప తోకను పక్కలకు ఊపుతూ ఈదితే, తిమింగలం పైకీ కిందికీ ఊపుతుంది. పరుగెత్తే కుక్కను చూడండి, దాని నడుము కూడా పైకీ కిందికే వంగుతుంది. అంటే తిమింగలాల పూర్వీకులు నేల మీద నడిచేవా? ఊహ బాగానే ఉంది, మరి ఆధారం?

ఆ ఆధారం ఉత్తర పాకిస్తాన్ కొండల్లో దొరికింది. సుమారు 5 కోట్ల ఏళ్ల కిందట, టెథిస్ అనే సముద్రం అంచున, తోడేలంత జంతువు ఒకటి అక్కడ బతికింది. 1981లో శాస్త్రవేత్తలు ఫిలిప్ జింజెరిచ్, డొనాల్డ్ రస్సెల్ దానికి పాకిసెటస్ అని పేరు పెట్టారు. చేతికి వచ్చింది పుర్రె భాగమే. అయినా అది తిమింగలమని చెవి చెప్పింది. మధ్యచెవిని కప్పే ఎముక లోపలి అంచు బాగా మందంగా ఉంది. అలాంటి అంచు అప్పటికి తిమింగలాలు, డాల్ఫిన్ల కుటుంబంలోనే తెలుసు.

మిగతా ఒళ్లు ఎలా ఉండేదో తెలియదు. అందుకే 1983లో వచ్చిన బొమ్మలో దాన్ని నీళ్లలో చేపలను తరిమే ఈతగాడిగా గీశారు. 2001లో హాన్స్ థెవిసెన్ బృందం మిగతా ఎముకలనూ వివరించింది. అవి సన్నని, పొడవాటి కాళ్లు, నేల మీద నడిచే జంతువువి! పాత బొమ్మను పక్కనపెట్టి కొత్తది గీశారు.

ఈ కథలో మన దేశానికీ చోటుంది. భూగర్భ శాస్త్రవేత్త ఎ. రంగారావు జమ్మూకాశ్మీర్‌లోని కాలకోట్ దగ్గర కొన్ని రాళ్లు సేకరించారు. ఆయన కన్నుమూశాక ఆ రాళ్లను ఆయన భార్య భద్రంగా దాచి, థెవిసెన్‌కు అప్పగించారు. వాటిలో ఇండోహ్యుస్ అనే చిన్న గిట్టల జంతువు పుర్రె ఉంది. శుభ్రం చేస్తుండగా దాని చెవి ఎముక పొరపాటున విరిగింది. విరిగినచోట కనిపించింది అదే మందపాటి అంచు! అలా 2007లో తిమింగలాలకు అతి దగ్గరి చుట్టం ఒకటి బయటపడింది.

ఇంట్లో చేసి చూడండి: మీ పాపకో బాబుకో తెలియని జంతువు బొమ్మ తీసుకోండి. తల మాత్రం కనిపించేలా మిగతాది కాగితంతో కప్పి, ఒళ్లు గీయమనండి. తర్వాత కాగితం తీయండి. గీసింది తప్పయితే వెంటనే రబ్బరు అందించకండి. "తల చూసి అలా ఎందుకు అనుకున్నావు?" అని అడగండి. కారణం చెప్పగలిగితే మార్కులు వేయాల్సింది దానికే. పాకిసెటస్‌ను మొదట గీసినవాళ్లూ అలాగే మొదలుపెట్టారు, ఆధారం దొరికాక దిద్దుకున్నారు.