మోకాళ్లు ఆనితే పుషప్ కాదని ఎవరన్నారు?

చేవెళ్ల, మొయినాబాద్ గ్రౌండ్ల నుంచి ఎంకపల్లి లాంటి ఊళ్ల దాకా ఒకటే మాట పాకింది: ‘మోకాళ్లు నేలకు ఆనితే అది పుషప్ కాదు, ఆడపిల్లల ఆట.’ ఈ మాట చేసే నష్టం కళ్లముందే కనిపిస్తోంది. పోలీసు ఉద్యోగానికి తయారయ్యే కుర్రాడు మొదటిరోజే కాళ్లు చాపి దండీలకు దిగుతాడు. నాలుగోదానికే నడుము వేలాడుతుంది, మోచేతులు పక్కలకు విచ్చుకుంటాయి. అయినా ఇరవై దాకా లెక్కపెడతాడు. భుజం పట్టేసి అసలు సాధనే ఆగిపోతుంది. ఆడపిల్లలనైతే ‘మీకు మోకాళ్ల మీద చాలు’ అని వదిలేస్తారు. ఎలా చెయ్యాలో మాత్రం ఎవరూ చూపించరు.

తెలంగాణ కానిస్టేబుల్ దేహదారుఢ్య పరీక్షలో అసలు పుషప్‌లే లేవు. 2022 నోటిఫికేషన్ ప్రకారం మగవాళ్లకు 1600 మీటర్ల పరుగు, ఆడవాళ్లకు 800 మీటర్ల పరుగు, ఇద్దరికీ లాంగ్ జంప్, షాట్‌పుట్. మగవాళ్లు 7.26 కిలోల గుండును 6 మీటర్లు, ఆడవాళ్లు 4 కిలోల గుండును 4 మీటర్లు విసరాలి. ఆ గుండును తోసే ఛాతీ, భుజం, చేతి వెనక కండరాలకే పుషప్‌తో బలం వస్తుంది. మోకాలు ఆనిందా లేదా అని ఆ కండరం చూడదు, దాని మీద ఎంత బరువు పడిందన్నదే లెక్క.

ఆ బరువును కొలిచినవాళ్లు ఉన్నారు. 2011లో అచ్చైన ఒక అమెరికా అధ్యయనం ప్రకారం మామూలు పుషప్‌లో ఒంటి బరువులో దాదాపు 64 శాతం, మోకాళ్ల పుషప్‌లో 49 శాతం చేతుల మీద పడుతుంది. 50 కిలోల అమ్మాయి మోకాళ్ల మీద చేసినా ప్రతిసారీ 24 కిలోలకు పైగా తోస్తున్నట్టే. ఇది ఆటెలా అవుతుంది?

చేసే తీరు సరిగ్గా ఉంటేనే ఈ లెక్క. పిరుదులు పైకెత్తి, తుంటికి సరిగ్గా కింద మోకాళ్లు పెట్టి, తల ఒక్కటే దించితే చేతులకు పెద్దగా పని పడదు. మోకాళ్లను వెనక్కి జరపండి. తల నుంచి మోకాలి దాకా ఒళ్లు ఒకే వాలు గీతలా ఉండాలి. బరువు మోకాలి చిప్ప మొన మీద కాకుండా చిప్పకు కాస్త పైన, తొడ కింది భాగం మీద ఆనాలి. కింద దుప్పటి మడత వేసుకోండి. అరచేతులు భుజాల కన్నా కొంచెం ఎడంగా, ఛాతీకి నేరుగా పెట్టాలి. మోచేతులు ఒంటి నుంచి సుమారు 45 డిగ్రీలు వెనక్కి వాలాలి. పొట్ట, పిరుదులు బిగించి, గాలి పీలుస్తూ ఛాతీని నేల దగ్గరకు దించి, వదులుతూ లేవాలి. ఛాతీ, తుంటి ఒకేసారి దిగాలి, ఒకేసారి లేవాలి. పాదాలు పైకి మడిచినా, నేల మీద ఉంచినా తేడా లేదు.

విమర్శించేవాళ్ల మాటలో ఒక్కటి ఒప్పుకోక తప్పదు. నెలల తరబడి మోకాళ్ల దగ్గరే ఆగిపోతే పూర్తి పుషప్ దానంతటది రాదు. కాళ్లు చాపి చేసేదాంతో పోలిస్తే నడుమును నిలిపే పని ఇందులో తక్కువ. అందుకే దీంతోపాటు ఇంకో రెండు రకాలు చెయ్యండి. ఇంటి అరుగు మీద చేతులు పెట్టి, కాళ్లు చాపి చేసే పుషప్ ఒకటి. రెండు అడుగుల ఎత్తుంటే చేతుల మీద ఒంటి బరువులో దాదాపు 41 శాతమే పడుతుంది. అలవాటయ్యేకొద్దీ ఎత్తు తగ్గించండి. రెండోది, పూర్తి పుషప్‌లో నెమ్మదిగా కిందికి దిగి, మోకాళ్లు ఆనించి లేవడం.

ఇక పుషప్‌ల మీద ఉన్న అపోహల సంగతి. వీటితో పొట్ట ఒక్కటే కరగదు. ఆడవాళ్లకు మగవాళ్లలా కండలు రావు. ఆరోగ్యంగా ఉన్నవాళ్లకు గర్భసంచి జారుతుందనడానికి ఆధారం లేదు. కాన్పైన కొత్తలో, లేదా ముందే ఆ ఇబ్బంది ఉంటే డాక్టర్‌ని అడిగే మొదలుపెట్టండి.

వారానికి మూడు రోజులు చాలు, మధ్యలో ఒక్కో రోజు విరామం ఇవ్వండి. నడుము వేలాడిన క్షణంలో ఆ సెట్ అయిపోయినట్టే. మర్నాడు ఛాతీ, చేతుల్లో సలుపు ఉంటే భయపడొద్దు. భుజం కీలులోగానీ మణికట్టులోగానీ పోటు పొడిస్తే మాత్రం ఆపేయండి. తగ్గాక అరుగు దగ్గర నుంచి మళ్లీ మొదలుపెట్టండి, తగ్గకపోతే డాక్టర్‌కి చూపించుకోండి.